మళ్లీ వచ్చి చూసేదెవరు?

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని సంపాదక మిత్రులు అడిగారు. బడి పుట్టుక, ఊరి పుట్టుక నాకంటే బాగా తెలిసిన పెద్దలు మనలో ఉన్నారు. ఆ పని వాళ్లకే వదిలిపెడుతున్నాను. నేను రాయదలచింది మన బడి గదుల్లోనే జరిగిన ఒక పని గురించి. దానికి పాఠాలతో సంబంధం లేదు. కానీ అప్పుడు నేర్చుకోవలసిన పాఠం ఒకటి మనం నేర్చుకోలేదని, దాన్ని ఇప్పుడైనా నేర్చుకోవచ్చని నాకు అనిపిస్తున్నది.

నేను ఏడో తరగతి చదువుతున్న రోజులు. 1980ల మొదటి భాగం. సంక్రాంతి సెలవులకు ముందు ఊళ్లో డప్పుతో చాటింపు వేశారు. పట్నం నుంచి ఒక సేవా క్లబ్బు వాళ్లు డాక్టర్లను తీసుకొస్తున్నారనీ, కండ్లు కనబడని ముసలివాళ్లందరూ బడికి రావాలనీ, మందులు, ఆపరేషన్, తిండి అన్నీ ఉచితమనీ ఆ చాటింపు సారాంశం. సెలవులు మొదలు కాగానే బెంచీలు రెండు రెండు జతచేసి మంచాలు చేశారు. గదులు ఫినాయిల్‌తో కడిగారు. సైన్సు సామాను ఉండే గది కిటికీలకు తెల్ల దుప్పట్లు కట్టారు. అదే ఆపరేషన్ గది. మా సార్లు పేర్లు రాశారు. పెద్ద పిల్లలం బిందెలతో నీళ్లు మోశాం.

చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎడ్లబండ్ల మీద, సైకిళ్ల మీద కూర్చోబెట్టి ముసలివాళ్లను తెచ్చారు. డాక్టరు టార్చిలైటు వేసి చూసి, మోతిబిందు బాగా ముదిరిన వాళ్లనే ఆపరేషన్‌కు ఎంచేవాడు. ఏ కంటికి చేయాలో పొరపాటు పడకుండా ఆ కంటికి పైన నుదుటి మీద ప్లాస్టరు ముక్క అంటించి దాని మీద నెంబరు వేసేవారు. అట్లా నుదుటి మీద నెంబరుతో బడి వరండాలో కూర్చున్న వాళ్లలో మా నాయనమ్మ ఒకతె.

ఆపరేషన్ తర్వాత ఆమెను పడుకోబెట్టింది మా ఆరో తరగతి గదిలోనే. తల కదిలించొద్దు, దగ్గొద్దు అని చెప్పారు. క్లబ్బు వాళ్ల ఇళ్ల ఆడవాళ్లు స్వయంగా వచ్చి పాలూ బ్రెడ్డూ పెట్టారు. కట్టు విప్పిన రోజు డాక్టరు వేళ్లు చూపి ఎన్ని అని అడిగితే నాయనమ్మ సరిగ్గా చెప్పింది. తర్వాత నల్ల ఫ్రేములో సోడాబుడ్డి అద్దాలు ఇచ్చారు. ఊరంతా క్లబ్బు వాళ్లను దీవించింది. నేనూ దీవించాను. ఆ దీవెన ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు. తర్వాత జరిగింది చెప్పేముందు, ఆ క్లబ్బులు మన బడిదాకా ఎట్లా వచ్చాయో చెప్పాలి.

షికాగో నుంచి మన దాకా

సేవా క్లబ్బు అనే పద్ధతి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలోని షికాగో నగరంలో పుట్టింది. 1905లో పాల్ హారిస్ అనే న్యాయవాది మరో ముగ్గురితో కలిసి రోటరీ క్లబ్బు పెట్టాడు. ఒక్కో వారం ఒక్కొక్కరి కార్యాలయంలో సమావేశం కావడం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. 1917లో అదే నగరంలో మెల్విన్ జోన్స్ అనే బీమా వ్యాపారి, వ్యాపారస్తుల సంఘాలు తమ లాభం మాటే కాకుండా ఊరి మంచి కూడా చూడాలని అనేక క్లబ్బులను ఒక్కచోటికి చేర్చాడు. అదే లయన్స్ క్లబ్బు.

లయన్స్ వాళ్లకు కళ్ల మీద అంత పట్టు ఎందుకంటే, దానికొక తేదీ ఉంది. 1925 జూన్ 30న ఒహాయో రాష్ట్రంలోని సీడార్ పాయింట్‌లో వాళ్ల మహాసభ జరిగింది. చూపు, వినికిడి రెండూ లేని హెలెన్ కెల్లర్ ఆ సభకు వచ్చి, అంధుల పక్షాన చీకటితో పోరాడే యోధులు కండి అని వాళ్లను కోరింది. వాళ్లు ఆ మాటను తలకెత్తుకున్నారు. చూపులేనివాళ్లు పట్టుకునే తెల్ల కర్ర అమెరికాలో వాడుకలోకి రావడం వెనక కూడా 1930లో ఇల్లినాయ్ రాష్ట్రం పియోరియా పట్టణపు లయన్స్ అధ్యక్షుడు జార్జి బోన్‌హామ్ చొరవ ఉంది. రోడ్డు దాటలేక తడబడుతున్న ఒక అంధుడిని చూసి, అతని నల్ల కర్ర వాహనాల వాళ్లకు కనబడటం లేదని గమనించి, దానికి తెల్లరంగు వేయించాలని ఆయనకు తట్టింది.

రోటరీ 1919లో కలకత్తాకు వచ్చింది. లయన్స్ 1956లో బొంబాయికి వచ్చింది. అక్కడి నుంచి పట్టణాలకు, తాలూకా కేంద్రాలకు పాకాయి. వ్యాపారులు, వకీళ్లు, డాక్టర్లు, ఇంజనీర్లు, బ్యాంకు మేనేజర్లు సభ్యులు. చందాలు వాళ్లవే, మందులు వాళ్లు సేకరించినవే. ఎండాకాలం చలివేంద్రం, బడి పిల్లలకు నోటుపుస్తకాలు, రక్తదానం, మొక్కలు నాటడం, అన్నింటికంటే ముఖ్యంగా కంటి శిబిరం. మన తెలుగునాట ఈ క్లబ్బుల పేరు చెప్పగానే ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది కంటి శిబిరమే.

శిబిరాల కాలం

ఆ శిబిరాలు అవసరమైన కాలం అది. పల్లెకు దగ్గరలో కంటి డాక్టరు ఉండేవాడు కాదు. మోతిబిందు వచ్చిన ముసలివాళ్లను ఇంట్లో ఒక మూలన కూర్చోబెట్టి, వయసు మీద పడ్డదని సరిపెట్టుకునేవాళ్లు. ఆసుపత్రికి జనం రాలేనప్పుడు ఆసుపత్రే జనం దగ్గరికి పోవాలన్నది అప్పటి డాక్టర్ల ఆలోచన. కర్ణాటకకు చెందిన డాక్టర్ ఎం.సి. మోదీ ఊరూరా తిరిగి శిబిరాలు పెట్టాడు. ఒక్కరోజులో 833 శుక్లాల ఆపరేషన్లు చేసిన ఆయన పేరు గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. మన హైదరాబాద్‌లో సరోజినీదేవి కంటి ఆసుపత్రి డాక్టర్ పి. శివారెడ్డి పేరు తెలియని పాతతరం లేదు. జిల్లాలకు పోయి శిబిరాల్లో ఆపరేషన్లు చేసిన ఆయనకు ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. 1976లో దేశంలో జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం మొదలైంది. ప్రభుత్వం, డాక్టర్లు, క్లబ్బులు కలిసి నడిపిన బండి అది. బడి గదులు లేకపోతే ఆ బండి కదిలేది కాదు. పెద్ద హాళ్లు, బావి నీళ్లు, సెలవుల్లో ఖాళీ, చదువుకున్న సార్లు, ఇవన్నీ ఒక్కచోట ఉన్నది పల్లెల్లో బడి ఒక్కటే.

అప్పటి శిబిరాల నివేదికల్లో ముందుగా కనబడేది ఒకే ఒక సంఖ్య. ఎంతమందిని పరీక్షించారు, ఎన్ని ఆపరేషన్లు చేశారు. ఎంతమందికి చూపు వచ్చింది, ఆ చూపు ఎంతకాలం నిలిచింది అన్న గడి ఆ కాగితంలో ఉండేది కాదు. అది ఎందుకు ముఖ్యమో నాకు మా ఇంట్లోనే తెలిసింది.

నాయనమ్మ అద్దాలు

ఆ కాలపు ఆపరేషన్‌లో కంట్లో మసకబారిన కటకాన్ని పూర్తిగా తీసేసేవాళ్లు. దాని స్థానంలో లోపల ఏమీ పెట్టేవాళ్లు కాదు. కంటి లోపల చేయాల్సిన పనిని బయట ముక్కు మీద ఉన్న మందపాటి అద్దం చేయాలి. దాని శక్తి దాదాపు ప్లస్ పది. ఆ అద్దం లేకపోతే ఆపరేషన్ అయిన కంటికి వెలుగు, నీడ తప్ప ఏదీ తేటగా కనబడదు. అద్దం ఉంటే కనబడుతుంది కానీ, ప్రతిదీ అసలు కంటే నాలుగో వంతు పెద్దగా, దగ్గరగా కనబడుతుంది. నాయనమ్మ కొత్తలో గడప దాటేటప్పుడు కాలు మోకాలెత్తు లేపేది. చెంబు అందుకోబోయి ఇవతలే చేయి మూసేది. మేము నవ్వేవాళ్లం. ఆమె కూడా నవ్వేది. మెల్లగా అలవాటు పడ్డది. బియ్యంలో రాళ్లు ఏరింది. చేనుకు వచ్చి కూలీలను లెక్కబెట్టింది.

ఏడాది తిరక్కుండానే అద్దాలు పగిలాయి. తప్పు ఎవరిదీ కాదు. మేక తాడు కాలికి చుట్టుకుని పడ్డది. కంటికి దెబ్బ తగల్లేదు కానీ రెండు అద్దాలూ ముక్కలయ్యాయి. "అద్దాలు పగిలినయి బిడ్డా, ఇగ నా కండ్లు మళ్ల పోయినయి," అన్నది.

మా నాయన ఆ ముక్కలు రుమాలులో కట్టుకుని పట్నం పోయాడు. అద్దాల దుకాణం వాళ్లు మనిషిని తీసుకురమ్మన్నారు, చీటీ ఏదని అడిగారు. చీటీ లేదు. ఏ నెంబరు అద్దమో మా దగ్గర రాసి లేదు. శిబిరం పెట్టిన క్లబ్బు వాళ్లను వెతికి పట్టుకున్నాడు. ఆ క్లబ్బు ఏదో ఇక్కడ అప్రస్తుతం. వాళ్లు మర్యాదగానే మాట్లాడారు. కానీ శిబిరం పెట్టినప్పటి అధ్యక్షుడు దిగిపోయి కొత్తాయన వచ్చాడు. ఆ ఏడు వాళ్లు మొక్కల కార్యక్రమం పెట్టుకున్నారు. శిబిరం కాగితాలు పాత కార్యదర్శి దగ్గర ఉన్నాయన్నారు. ఆయనకు వేరే ఊరికి బదిలీ అయింది. నాయన రెండుసార్లు తిరిగి, మూడోసారి పోలేదు. అప్పుడు వరికోతలు.

నాయనమ్మ ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికింది. గోడ పట్టుకుని నడిచింది. ఆమె చూపు ఉన్న కాలం పదకొండు నెలలు. శిబిరం లెక్కలో మాత్రం ఆమె ఎప్పటికీ చూపు వచ్చిన మనిషే.

ఒక్క ఏడాది పదవి

పెద్దయ్యాక నాకు ఇందులో ఒక సంగతి అర్థమైంది. లయన్స్‌లో గానీ రోటరీలో గానీ సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. ఆనవాయితీగా ఏటా కొత్త అధ్యక్షుడు, కొత్త కార్యదర్శి. ఈ పద్ధతిలో మంచి చాలా ఉంది. ఒక్కరే కుర్చీకి అతుక్కుపోరు. కొత్త మనిషి కొత్త ఉత్సాహంతో వస్తాడు. ఒకరిని మించి ఒకరు పని చేయాలనుకుంటారు. కానీ సంక్రాంతికి ఆపరేషన్ అయిన ముసలామె అద్దాలు మరుసటి డిసెంబరులో పగిలితే, ఆ పగిలిన అద్దం ఎవరి పదవీకాలంలోకి వస్తుంది? ఎవరి కాలంలోకీ రాదు. సేవ చేసే మనసుకు లోటు లేదు. గుర్తు పెట్టుకునే ఏర్పాటుకే లోటు.

గుర్తు పెట్టుకుంటే ఏమవుతుందో చూపడానికి అవే క్లబ్బుల చరిత్రలో గొప్ప ఉదాహరణ ఉంది. అది పోలియో. రోటరీ 1985లో ప్రపంచం నుంచి పోలియోను తరిమేస్తామని పూనుకుంది. మన దేశంలో పల్స్ పోలియో 1995లో మొదలైంది. మన బడిలోనూ ఆదివారం పూట బల్ల వేసి చుక్కలు వేయడం, పిల్లల చిటికెన వేలికి సిరా గుర్తు పెట్టడం మనలో చాలామంది చూసిందే. అసలు పని మరునాడు మొదలయ్యేది. అంగన్‌వాడీ టీచర్లు, ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి, పిల్లలందరికీ చుక్కలు పడ్డ ఇంటి గోడ మీద సుద్దతో ఒక గుర్తు, ఒక్క బిడ్డ తప్పిపోయినా వేరే గుర్తు రాసేవాళ్లు. ఆ రెండో గుర్తు ఉన్న ఇంటికి మళ్లీ పోవాలి. తాళం వేసి ఉంటే మళ్లీ పోవాలి. వద్దంటే నచ్చజెప్పడానికి మళ్లీ పోవాలి. రోటరీ అధ్యక్షులు ఏటా మారినా ఆ పని మాత్రం మారలేదు. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో బయటపడ్డ కేసు దేశంలో చివరిది. 2014 మార్చి 27న మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ పోలియో రహితమని ప్రకటించింది. దేశం మీద నుంచి అంత పెద్ద జబ్బు పోయిందంటే అందులో మందు గొప్పతనం ఎంతో, గోడ మీది సుద్ద గుర్తు గొప్పతనం కూడా అంతే.

మన పొరుగునే ఇంకో ఉదాహరణ ఉంది. బాలాపూర్ గణపతి లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలైంది. ఇప్పుడది లక్షల్లో పలుకుతున్నది. ఆ డబ్బుతో ఊరి పనులు చేస్తున్నారు. ఏ ఏడాది ఎవరు ఎంతకు పాడారో ఏటా పత్రికల్లో జాబితా వస్తుంది. పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. ముప్పై ఏళ్ల లడ్డూ లెక్క పొల్లుపోకుండా గుర్తు పెట్టుకోగల ప్రాంతం మనది. ఆపరేషన్ అయిన కళ్ల లెక్క పెట్టుకోవడం మనకు చేతకాదని నేను నమ్మను.

శిబిరం నుంచి ఆసుపత్రికి

నాయనమ్మ పోయిన తర్వాతి కాలంలో కంటి వైద్యం మారిపోయింది. తీసేసిన కటకం స్థానంలో కంటి లోపలే చిన్న కృత్రిమ కటకం పెట్టే పద్ధతి 1990లలో మన దగ్గర సామాన్యులకూ అందడం మొదలైంది. దాంతో సోడాబుడ్డి అద్దాల అవసరం తప్పింది. 1990లో లయన్స్ అంతర్జాతీయ సంస్థ అంధత్వ నివారణకు నిధుల సేకరణ పెద్దఎత్తున మొదలుపెట్టింది. 1994లో ప్రపంచ బ్యాంకు సాయంతో మొదలైన శుక్లాల పథకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. బడి గదుల్లో, గుడారాల్లో ఆపరేషన్లు చేస్తే చీము పట్టి ఉన్న కన్ను కూడా పోయే ప్రమాదం ఉందని గుర్తించి, శిబిరంలో పరీక్ష మాత్రమే చేయాలి, ఆపరేషన్ అన్ని వసతులున్న ఆసుపత్రిలోనే చేయాలి అనే పద్ధతి వచ్చింది. బెంచీలు మంచాలయ్యే రోజులు పోయాయి. పోవడమే మంచిది.

హైదరాబాద్‌లో 1987లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి తెరుచుకుంది. సినిమా దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ బంజారాహిల్స్‌లో స్థలం, విరాళం ఇస్తే, అమెరికా నుంచి తిరిగొచ్చిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు దాన్ని కట్టి నిలబెట్టారు. 1996 నుంచి 2000 దాకా ఆ సంస్థ వాళ్లు హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో 10,293 మందిని పరీక్షించి ఒక పెద్ద అధ్యయనం చేశారు. వందకు 1.84 మంది అంధులని తేలింది. కారణాల్లో 44 శాతం శుక్లాలు, 16 శాతానికి పైగా సరైన అద్దాలు లేకపోవడం. అంటే ప్రతి పదిమంది అంధుల్లో ఆరుగురికి, ఒక ఆపరేషనో ఒక జత అద్దాలో అందితే చూపు వచ్చే అవకాశం ఉంది. ఆపరేషన్ అయిన తర్వాత కూడా చూపు సరిగా లేనివాళ్లు చెప్పుకోదగ్గ సంఖ్యలో కనబడ్డారు. అది చదివినప్పుడు నాకు మా నాయనమ్మ ఒంటరి కాదని తెలిసింది.

ఆ సంస్థ తర్వాత పల్లెల వైపు కదిలింది. ఆదిలాబాద్ జిల్లా ముథోల్‌లో గ్రామీణ కేంద్రం పెట్టింది. సుమారు యాభై వేల జనాభాకు ఒకటి చొప్పున చిన్న కంటి పరీక్ష కేంద్రాలు, వాటిపైన ఆపరేషన్లు చేసే కేంద్రాలు, అన్నింటిపైన పెద్దాసుపత్రి, ఇదీ వాళ్ల ఏర్పాటు. శిబిరం మూడు రోజుల్లో గుడారం ఎత్తేస్తుంది. చిన్న కేంద్రం ఎత్తేయదు. అద్దం పగిలితే మరునాడు పోవచ్చు. తేడా అదే.

ఆ తర్వాత తెలంగాణ ప్రభుత్వం కంటి వెలుగు తెచ్చింది. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలై, మొదటి విడతలోనే కోటిన్నర మందికి పైగా పరీక్షలు చేసింది. రెండో విడత 2023 జనవరి 18న ఖమ్మంలో మొదలైంది. ఇక సేవా క్లబ్బులకు పనేమి మిగిలిందని ఎవరైనా అడగవచ్చు. నేనూ అట్లాగే అనుకున్నాను, ఈమధ్య ఒక శిబిరానికి పోయేదాకా.

దేవుని పటం వెనక చీటీ

మన నాదర్‌గుల్ ఇప్పుడు మనం చదువుకున్నప్పటి నాదర్‌గుల్ కాదు. ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. చిన్న విమానాలు ఎగిరే శిక్షణ మైదానం ఉంది. అవుటర్ రింగురోడ్డు పక్క నుంచే పోతున్నది. పంచాయతీ పోయి పురపాలక పాలన వచ్చింది. చేన్లు వెంచర్లయ్యాయి. మన పిల్లలు ఆదిబట్లలోనో అమెరికాలోనో ఉన్నారు. ఇళ్లు పెద్దవయ్యాయి, ఇంట్లో మనుషులు తక్కువయ్యారు.

పోయిన చలికాలం ఊరి దగ్గర ఒక ఫంక్షన్ హాలులో ఒక సేవా క్లబ్బు ఆరోగ్య శిబిరం పెట్టింది. బీపీ, షుగర్, కంటి పరీక్షలు. లయన్స్ సంస్థ తన నూరేళ్ల పండుగ సందర్భంగా చూపుతో పాటు మధుమేహం, ఆకలి, పర్యావరణం, పిల్లల క్యాన్సర్‌లను కూడా తన ముఖ్య లక్ష్యాలుగా పెట్టుకుంది. ఆ ప్రభావం ఇప్పుడు అన్ని క్లబ్బుల శిబిరాల్లోనూ కనబడుతున్నది. పేర్లు రాసే పనికి నేనూ కూర్చున్నాను. పనిమంతులు, పద్ధతైన మనుషులు. దగ్గరి చూపు అద్దాలు అక్కడికక్కడే ఇచ్చారు. శుక్లాలు ఉన్నవాళ్లకు పట్నంలోని ఆసుపత్రికి చీటీ రాసిచ్చారు. ఆపరేషన్ ఉచితం. మధ్యాహ్నం భోజనాలు, ఫొటోలు, సన్మానాలు అయ్యాయి.

మూడు నెలల తర్వాత, చీటీ తీసుకున్నవాళ్లలో నాకు తెలిసిన ఆరు ఇళ్లకు పోయాను. ఇద్దరు ఆపరేషన్ చేయించుకున్నారు. నలుగురు చేయించుకోలేదు. ఒకాయన ఆసుపత్రి దాకా పోయాడు. షుగర్ ఎక్కువుంది, తగ్గించుకుని రమ్మన్నారు. తనకు ఆపరేషన్ చేయమన్నారని ఆయనకు అర్థమైంది. ఒకాయన కొడుకు డిసెంబరులో అమెరికా నుంచి వచ్చి చేయిస్తానన్నాడట. ఒకామె బర్రెను ఎవరు చూస్తారని ఆగింది. నాలుగో ఇల్లు నా సహాధ్యాయి ఇల్లు. అతను పోయి ఏళ్లయింది. తల్లి ఒక్కతే ఉంటున్నది.

"పెద్దమ్మా, దవాఖానకు పోలేదా?" అని అడిగాను.

"పోవాల్ననే ఉన్నది బిడ్డా. బస్సెక్కిచ్చి దించేటోళ్లు ఉండాలె గద. ఎవల్నని అడగాలె," అన్నది. దేవుని పటం వెనక నుంచి చీటీ తడిమి తీసి ఇచ్చింది. పారేయలేదు, మడత కూడా నలగలేదు.

ఆ చీటీ చూశాక నాకు నలభై ఏళ్ల కిందటి రుమాలు, అందులోని అద్దం ముక్కలు గుర్తొచ్చాయి. అప్పుడు అడ్డం పడ్డది ఆపరేషన్ తర్వాతి కాలం. ఇప్పుడు అడ్డం పడుతున్నది ఆపరేషన్‌కు ముందరి దూరం. ఆసుపత్రిలో ఆపరేషన్ చేయడం మొదలైనాక కళ్లు క్షేమమయ్యాయి కానీ, ఫంక్షన్ హాలుకూ ఆసుపత్రికీ మధ్య ఇరవై ముప్పై కిలోమీటర్ల దారి ఒకటి కొత్తగా పుట్టింది. ఆ దారి మీద ముసలివాళ్ల వెంట నడిచేవాళ్లు లేరు.

మరుసటి వారం పెద్దమ్మను నేనే తీసుకుపోయాను. పొద్దున పోయి సాయంత్రానికి ఇంటికి వచ్చాం. మరునాడు కట్టు విప్పినాక ఇంట్లో అడుగుపెట్టి, గోడలన్నీ చూసి, "ఇల్లు గింత మసిపట్టి ఉన్నదా? చూసినోళ్లు ఒక్కలన్న చెప్పకపోతిరి," అని నామీదే కోపం చేసింది. ఆ రోజే చీపురు పట్టబోతే ఆపడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. నెల తర్వాత మళ్లీ పరీక్షకు తీసుకుపోయాను. రెండో కన్ను వానకాలం తర్వాత చేస్తామన్నారు. తేదీ నా దగ్గర రాసి ఉంది.

సంఘానికి నా మనవి

ఇదంతా రాసింది క్లబ్బులను తప్పుపట్టడానికి కాదు. డాక్టర్లను, మందులను, ఆసుపత్రితో ఒప్పందాన్ని తేగలిగేది వాళ్లే. మనం తేలేం. కానీ వాళ్లు ఎక్కడి నుంచో వస్తారు, ఏటా మారతారు. మన పూర్వ విద్యార్థుల సంఘం యాభై ఏళ్లుగా ఇక్కడే ఉంది. ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరి కొడుకు ఎక్కడున్నాడో, ఎవరి మాట ఎవరు వింటారో మనకు తెలుసు. వాళ్ల దగ్గర లేనిది మన దగ్గర ఉంది.

అందుకని స్వర్ణోత్సవ కార్యక్రమాల్లో ఒక చిన్న పని చేర్చమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఒక రిజిస్టరు పెడదాం. మన ప్రాంతంలో ఏ క్లబ్బు శిబిరం పెట్టినా, చీటీ తీసుకున్నవాళ్ల పేర్లు వాళ్ల అనుమతితో అందులో రాద్దాం. పేరు, ఏ కన్ను, ఆసుపత్రికి పోవలసిన తేదీ, వెంట పోయేది ఎవరు, మళ్లీ చూపించవలసిన తేదీ, రెండో కన్ను సంగతి, ఇచ్చిన అద్దాల నెంబరు. ఒక్కో బ్యాచి నుంచి ఊళ్లో ఉంటున్న ఒక్కరు ఏడాదికి ఇద్దరి బాధ్యత తీసుకుంటే చాలు. దూరాన ఉన్నవాళ్లు వారం వారం ఫోను చేసి అడిగినా అది పనే. సార్లు, మేడమ్‌లు బడిలో బోర్డు మీది అక్షరాలు కనబడక కళ్లు చికిలించే పిల్లల పేర్లు అందులోనే రాయించవచ్చు. ఇష్టమున్నవాళ్లు నేత్రదానం సంగతి ముందే ఇంట్లో చెప్పి పెట్టుకోవచ్చు. మనిషి పోయిన ఆరు గంటల్లోపు కళ్లు తీసుకోవాలి కాబట్టి, ఆ సమయంలో ఫోను చేయడానికి ధైర్యమున్న ఒక్కరి పేరు కూడా రాసి ఉండాలి.

దీనికి డబ్బు దాదాపు అక్కర్లేదు. పోలియో గోడల మీది సుద్ద గుర్తు లాంటిదే ఇది. కార్యవర్గం మారినా రిజిస్టరు మారకూడదు. అదొక్కటే నియమం.

రూళ్ల నోటుపుస్తకం ఒకటి కొని, గళ్లు గీసి పెట్టాను. మొదటి వరుసలో మా నాయనమ్మ పేరు రాశాను. కుడి కన్ను, ఆపరేషన్ జరిగిన చోటు మన బడి. మళ్లీ చూసిన తేదీ అన్న గడి ఖాళీగానే ఉంది. రెండో వరుస పెద్దమ్మది. అందులో ఆ గడి నిండింది. మూడో వరుస నుంచి మిగతా ముగ్గురి పేర్లు ఉన్నాయి. షుగర్ ఆయన వచ్చే సోమవారం ఆసుపత్రికి పోవాలి. నాకు ఆ రోజు వేరే పని ఉంది. ఎవరైనా వెంట పోగలిగితే సంఘం కార్యాలయంలో చెప్పండి.